స్కోప్‌లో చివరి అంకె కాదు, మొదటి అంకె చూడండి

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లలో రేంజ్‌కి వెళ్లి రైఫిల్ కాల్చే సరదా ఉన్నవాళ్లు బాగానే పెరిగారు. దాంతోపాటు నాకొచ్చే మెసేజీలూ పెరిగాయి. అన్నిట్లో ఒకటే ప్రశ్న. "అన్నా, ఏఆర్ రైఫిల్ మీదికి ఎల్‌పీవీఓ స్కోప్ కొందామనుకుంటున్నా. 1-6 తీసుకోనా, 1-8 తీసుకోనా? కొంచెం ఖర్చయినా 1-10కే పోనా?" ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెళ్లు లెక్కపెట్టే అలవాటు ఇక్కడికీ వచ్చిందన్నమాట.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఎల్‌పీవీఓ అంటే తక్కువ పవర్ నుంచి మొదలయ్యే జూమ్ స్కోప్. రింగు ఒక చివరన పెడితే 1 ఎక్స్, అంటే మామూలు కంటికి ఎంత కనిపిస్తుందో అంతే. రెండో చివరకి తిప్పితే ఆరు రెట్లో, ఎనిమిదో, పదో. దగ్గరున్న టార్గెట్‌కి రెడ్ డాట్‌లా (జూమ్ లేకుండా ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్), దూరంగా ఉన్నదానికి స్కోప్‌లా, రెండు పనులూ ఒకటే చెయ్యాలని దీన్ని తయారుచేశారు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: దీని విలువంతా ఆ 1 లోనే ఉంది. అక్కడ బాగాలేకపోతే మీ చేతిలో ఉన్నది చిన్న లెన్సు, పెద్ద ధర ఉన్న మామూలు స్కోప్. బెంచీ మీద కూర్చుని దూరంగా పేపర్ మీద కాల్చడమే మీ పనైతే 40 మిల్లీమీటర్ల లెన్సున్న 3-9 స్కోప్ సగం ధరకి ఇంకా బాగా చూపిస్తుంది.

కానీ షాపులో జనం ఏం చేస్తారు? కౌంటర్ మీద స్కోప్ తియ్యగానే జూమ్ చివరకి తిప్పుతారు. అటు గోడకి తగిలించిన జింక తలకాయ వైపు చూసి "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో" అంటారు. ఆ లైట్ల కింద, ఆ దూరంలో ఏ స్కోపైనా క్లియర్‌గానే ఉంటుంది. యూట్యూబ్ రివ్యూల గోలా ఇదే. స్కోప్ వెనకాల కెమెరా పెట్టి 10 ఎక్స్‌లో స్టీల్ ప్లేటు చూపిస్తారు. కెమెరాకి మెడ నొప్పి ఉండదు, రెండో కన్నూ ఉండదు.

మీరు చెయ్యాల్సిన పని ఇది. జూమ్ 1 దగ్గర పెట్టి, రెండు కళ్లూ తెరిచి, ఏదైనా తలుపు ఫ్రేము చూడండి. స్కోప్ లోపల కనిపిస్తున్న నిలువు గీత, బయట కంటికి కనిపిస్తున్న గీత ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉండాలి. లోపలిది కొంచెం లావుగానో, పక్కకి జరిగినట్టో, అంచుల్లో విల్లులా వంగినట్టో కనిపిస్తే అది 1 కాదు, 1.1 అయినా అయ్యుంటుంది, లేదా మీ డయాప్టర్ సరిగ్గా లేదు. ఈ డయాప్టర్ సంగతి సగం మందికి పట్టదు. కంటి వైపు చివరున్న రింగు అది. ఖాళీ గోడో, సూర్యుడు లేని వైపు ఆకాశమో చూస్తూ, కళ్లు మూసి తెరిచిన మొదటి క్షణంలోనే రెటికిల్, అంటే స్కోప్ లోపలి గురి గీతలు, పదునుగా కనిపించేదాకా దాన్ని తిప్పాలి. అలాగే తదేకంగా చూస్తూ ఉంటే కన్నే సర్దుకుపోతుంది, సెట్టింగు తప్పుగా ఉన్నా బాగున్నట్టే ఉంటుంది. అది కుదిరాక రైఫిల్‌ని ఎడమ నుంచి కుడికి తిప్పి చూడండి. బొమ్మ నీళ్లలో ఈదుతున్నట్టు ఊగి తల తిరిగిందా, దాన్ని అక్కడే పెట్టేసి రండి.

రెండోది వెలుగు. టెక్సాస్ జులై మధ్యాహ్నం, తెల్లటి సున్నపురాయి మట్టికట్ట ముందు, చవక స్కోపుల్లో ఎర్ర చుక్క అన్నదే కనిపించదు. షాపులో ధగధగా మెరిసిన రెటికిల్ ఎండలో నల్లగా మారిపోతుంది. మా స్నేహితుడొకడు అలాంటిదే కొని కంపెనీకి ఫోన్ చేస్తే "ఇల్యూమినేటెడ్ అన్నాం గానీ పగటి వెలుగులో కనిపిస్తుందని ఎక్కడన్నాం?" అన్నారట. మాట నిజమే, పెట్టె మీద ఎక్కడా లేదు. కాబట్టి ఆ "డేలైట్ బ్రైట్" అన్న రెండు మాటలు ఉన్నాయా లేదా చూడండి. ఉన్నా నమ్మకండి, షాపువాణ్ణి అడిగి పార్కింగ్ లాట్ ఎండలోకి పట్టుకెళ్లి చూడండి.

ఇక్కడ మన సాఫ్ట్‌వేర్ కళ్ల గురించి కూడా చెప్పాలి. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకి రెడ్ డాట్ గుండ్రంగా కనిపించదు, తోకచుక్కలానో పిచ్చి గీతలానో ఉంటుంది. అదే డాట్‌ని ఫోన్ కెమెరాలోంచి చూడండి. అందులో గుండ్రంగా ఉంటే తేడా డాట్‌లో లేదు, మీ కంట్లో ఉంది. ఎల్‌పీవీఓలో రెటికిల్ గాజు మీద చెక్కి ఉంటుంది, డయాప్టర్‌తో పదును సరిచేసుకోవచ్చు, బ్యాటరీ అయిపోయినా గీతలు గీతల్లాగే ఉంటాయి. నలభై దాటినవాళ్లు ఇంత బరువు మోసి మరీ దీన్ని కొనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే.

ఇక ఆ చివరి అంకె. ముందు లెన్సు సైజుని జూమ్‌తో భాగిస్తే కంటి దగ్గరకొచ్చే వెలుగు చక్రం ఎంతో తెలుస్తుంది, ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ఎల్‌పీవీఓల్లో ముందు లెన్సు ఎక్కువగా 24 మిల్లీమీటర్లు. 6 ఎక్స్‌లో 4 మిల్లీమీటర్లు, 8లో 3, 10లో 2.4. చీకటి పడే వేళ మన కంటిపాప 5 మిల్లీమీటర్లో, ఇంకా ఎక్కువో తెరుచుకుంటుంది. టెక్సాస్‌లో అడవిపందులు బయటికొచ్చేది సరిగ్గా ఆ వేళకే, 10 ఎక్స్ బొమ్మ మసకబారేదీ అప్పుడే. పైగా చక్రం చిన్నదైన కొద్దీ తల ఒక్క వెంట్రుకవాసి జరిగినా పక్కనుంచి నల్లటి నీడ కమ్ముకొస్తుంది. బెంచీ మీద తెలియదు. ఒక మోకాలి మీద కూర్చునో, చెక్క అడ్డు పక్కనుంచి వంగో, ఎడమ భుజానికి మార్చో చూడండి, అప్పుడు తెలుస్తుంది.

"మరి మిలిటరీ వాళ్లు 1-8 కొన్నారు కదన్నా" అంటారు. కొన్నారు. 2020లో మెరైన్ కోర్ తీసుకున్న ట్రిజికాన్ వీకాగ్ 1-8కి ముందు లెన్సు 28 మిల్లీమీటర్లు. 2022లో అమెరికా ఆర్మీ ఎంచుకున్న వోర్టెక్స్ ఎక్స్‌ఎం157కి 30. ఆ రెండింట్లో 8కి వెళ్తే లెన్సూ పెరిగింది, చూశారా? అదే ఆర్మీ స్క్వాడ్‌లో దూరం గురి చూసి కాల్చేవాడికిచ్చే రైఫిల్ మీద పెట్టింది సిగ్ టాంగో6టీ, 1-6, 24 మిల్లీమీటర్లు. న్యాయంగా చెప్పాలంటే మంచి 1-10లూ ఉన్నాయి. వోర్టెక్స్ రేజర్ జెన్ 3 1-10 బరువు, వాళ్లదే జెన్ 2-ఈ 1-6 బరువు రెండూ 21.5 ఔన్సులే. అంత డబ్బు పెట్టగలిగితే నాతో మీకు పేచీ లేదు. నా పేచీ నాలుగైదు వందల డాలర్లకి పది రెట్లు ఆశించేవాళ్లతో. ఆ ధరలో పదిని ఇరికించడానికి కోత వేసేది ఆ 1 ఎక్స్ దగ్గరే.

ఫస్ట్ ఫోకల్ ప్లేన్, సెకండ్ ఫోకల్ ప్లేన్ గొడవ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. ఫస్ట్‌లో రెటికిల్ జూమ్‌తోపాటు పెరుగుతుంది, గీతల కొలత ఏ పవర్‌లోనైనా సరిపోతుంది. కానీ 1 దగ్గర ఆ రెటికిల్ దోమంత అయిపోతుంది, లైటు లేకపోతే వెతుక్కోవాలి. సెకండ్‌లో సైజు మారదు, 1 దగ్గర కూడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. కాకపోతే గీతల కొలత చివరి పవర్ దగ్గరే నిజం. 6 దగ్గర 1 మిల్ (గురి తేడాని కొలిచే చిన్న కోణం) చూపించే గీత 3 దగ్గర 2 మిల్స్ అవుతుంది. ఎల్‌పీవీఓ వాడేవాళ్లలో చాలామంది ఉంటే 1లో ఉంటారు, లేకపోతే చివర్లో ఉంటారు. మధ్యలో ఆగి లెక్కలు కట్టేవాణ్ణి నేనింకా చూడలేదు. కాబట్టి 1-6కి సెకండ్ చాలు. 8కో 10కో వెళ్తే ఫస్ట్ అడగండి.

టరెట్లు, అంటే గురి సర్దే గుండీలు, తిప్పి బాక్స్ టెస్టు (గురిని చతురస్రంగా జరిపి మళ్లీ మొదటి చోటికే వస్తుందా అని చూడటం) చెయ్యాలా? చేసుకోండి, సరదాగా ఉంటుంది. ఒకసారి జీరో చేసి (గుండు తగిలే చోటికి గురి కలిపి) మూత బిగించేసే స్కోప్‌కి అదంత ముఖ్యం కాదు. మౌంట్ స్క్రూలు మాత్రం టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పినంతే బిగించండి. చేత్తో "టైట్‌గానే ఉందిలే" అనుకునేవాళ్లే తర్వాత స్కోప్ జీరో పోయిందని తిడతారు.

చివరగా వీసాల సంగతి, ఎందుకంటే ఇదీ అడుగుతారు. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవాలంటే ఫెడరల్ చట్టం ప్రకారం ఏదో ఒక మినహాయింపు ఉండాలి, మనవాళ్లు వాడేది వేట లైసెన్సు. తమాషా ఏంటంటే టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో అడవిపందుల వేటకి లైసెన్సే అక్కర్లేదు, యజమాని ఒప్పుకుంటే చాలు. అది రాష్ట్రం మాట. ఫెడరల్ వాళ్లకి మాత్రం మీ జేబులో ఆ కాగితం ఉండాల్సిందే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి లేదు. ఇక "బావా, వచ్చేటప్పుడు నా ఎయిర్ గన్‌కి ఒక స్కోప్ పట్టుకురా" అని హైదరాబాద్ నుంచి ఫోనొస్తే, రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి ఆంక్షల కిందికి వస్తాయని చెప్పండి. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పెట్టే వస్తువు కాదది. బావమరిదికి ఎప్పటిలాగే పెర్ఫ్యూమూ చాక్లెట్లూ పట్టుకెళ్లండి.