గరిష్ఠ వేతనం చాటున ఎదిగిన పెద్దమనుషులు

2022 జూన్ 30 సాయంత్రం 6 గంటలు దాటేవరకు, ఒప్పందం ముగుస్తున్న ఆటగాడితో ఇతర జట్లేవీ మంతనాలు జరపకూడదని అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆ ఏడాది గడువు పెట్టింది. ఆ గడువు రాకముందే జేలెన్ బ్రన్సన్ అనే ఆటగాడు డల్లాస్ జట్టును వదిలి న్యూయార్క్ నిక్స్ జట్టులో చేరబోతున్నాడని అమెరికా పత్రికలు రాసేశాయి. నిక్స్ అధ్యక్షుడు లియోన్ రోజ్ అంతకుముందు పేరున్న ఏజెంటు. ఎన్‌బీఏలో ఆయన తొలి క్లయింటు జేలెన్ తండ్రి రిక్ బ్రన్సన్. జేలెన్ తరఫున పనిచేసిన ఏజెంట్లలో లియోన్ కుమారుడు శామ్ రోజ్ ఒకరు. గడువుకు కొన్ని వారాల ముందే రిక్‌ను నిక్స్ సహాయ కోచ్‌గా తీసుకుంది. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రోజుల్లో కొందరు ఆటగాళ్లను డెట్రాయిట్‌కు పంపించి, లీగ్ పరిమితి ఉన్న జీతాల పద్దులో చోటు ఖాళీ చేసుకుంది. చివరికి 4 ఏళ్లకు 10.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. డిసెంబరులో లీగ్ విచారణ ముగించి, గడువుకు ముందే చర్చలు జరిగాయని తేల్చి, 2025 రెండో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికను నిక్స్ నుంచి తీసేసుకుంది. ఎవరు ఎవరితో ఏం మాట్లాడారన్నది ప్రజలకు చెప్పకుండా ఒక చిన్న ప్రకటనతో సరిపెట్టింది.

రెండో రౌండ్‌లో ఎంపికైనవారిలో చాలామంది ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేరు. దానికి బదులుగా నిక్స్‌కు దక్కింది ఒక సారథి. ఆయన నాయకత్వంలో ఆ జట్టు 2025లో, పాతికేళ్ల తర్వాత మళ్లీ, లీగ్ తుది పోరుకు ముందు మెట్టయిన ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడింది. ఈ శిక్షను చూసి వెనక్కి తగ్గే జట్టు ఏదీ ఉండదు.

బ్రన్సన్ తనకు నచ్చిన చోట ఆడడాన్ని నేను తప్పుపట్టడం లేదు. తండ్రి స్నేహితుడి మీద నమ్మకం ఉంచడం నేరం కాదు. నిక్స్ ఇచ్చిన మొత్తాన్ని డల్లాస్ కూడా ఇవ్వగలిగేది. అంటే ఆటగాడి నిర్ణయాన్ని మలుపు తిప్పింది డబ్బు కాదు, ముప్పై ఏళ్ల సంబంధం. వృత్తి బాస్కెట్‌బాల్‌లో తెరవెనుక మనుషులకు ఇంత బలం ఎలా వచ్చిందో అర్థం చేసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ పెద్దమనుషులు నిబంధనల కన్నుగప్పి పుట్టుకొచ్చినవారని సాధారణంగా అనుకుంటారు. వారిని పెంచి పోషించింది ఆ నిబంధనలేనని నా వాదన.

1997లో మిన్నెసోటా జట్టు 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌తో 6 ఏళ్లకు 12.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 1997-98లో మైకేల్ జోర్డాన్ ఒక్కడి జీతమే 3.3 కోట్ల డాలర్లు. యజమానులు బెదిరిపోయి 1998 జులై 1న లాకౌట్ ప్రకటించారు. 204 రోజుల ఆ లాకౌట్‌ను ముగించిన ఒప్పందంతో ఒక్కో ఆటగాడి జీతానికీ మొదటిసారి గరిష్ఠ పరిమితి వచ్చింది. పదేళ్ల అనుభవం దాటిన మేటి ఆటగాడికైనా కొత్త ఒప్పందం తొలి ఏడాదిలో ఇవ్వదగినది 1.4 కోట్ల డాలర్లేనని అప్పుడు నిర్ణయించారు. ఆ అంకె తర్వాత పెరుగుతూ వచ్చినా సూత్రం మాత్రం మారలేదు. సొంత జట్టుకు కొంత మొగ్గు ఉంటుంది కానీ, బయటి జట్లన్నీ ఒక మేటి ఆటగాడి ముందు పెట్టగల గరిష్ఠ మొత్తం ఒక్కటే.

ధర స్థిరమైపోయిన సరుకుకు బేరం ఆగిపోదు, ధరను వదిలి వేరే విషయాల మీదికి మళ్లుతుంది. ఏ నగరం, పక్కన ఎవరు ఆడతారు, కోచ్ ఎవరు, తండ్రికి ఏ ఉద్యోగం, చిన్ననాటి స్నేహితుడికి ఏ హోదా, వాణిజ్య ప్రకటనల అవకాశాలు ఎలాంటివి అన్న ప్రశ్నలు ముందుకొస్తాయి. వీటిలో కొన్ని పూర్తిగా సమ్మతమైనవి, కొన్ని నిషిద్ధమైనవి, మిగతావి ఆ రెంటి మధ్య మసకలో ఉన్నవి. ఈ మసకలో పని చక్కబెట్టడానికి లెక్కలు, చట్టాలు తెలిసిన న్యాయవాది ఒక్కడే చాలడు. ఆటగాడి తల్లికీ, కోచ్‌కూ, బూట్ల కంపెనీకీ, జట్టు యజమానికీ ఒకేసారి ఫోను చేయగలిగినవాడు, ఆ నలుగురూ ఫోను ఎత్తేంత పరిచయం ఉన్నవాడు కావాలి.

పాత తరం పలుకుబడి తీరు వేరు. ఆటగాళ్ల సంఘాన్ని నడిపిన లారీ ఫ్లైషర్ 1964 జనవరిలో బోస్టన్ ఆల్‌స్టార్ మ్యాచ్ మొదలయ్యే ముందు, పింఛను సంగతి తేల్చేదాకా ఆటగాళ్లు కోర్టులోకి దిగరని పట్టుబట్టిన సందర్భంలో వారి వెంట నిలిచారు. అదే సమయంలో ఆయన ఏజెంటు కూడా. జోర్డాన్ ఏజెంటు డేవిడ్ ఫాక్ 1995లో సంఘం గుర్తింపునే రద్దు చేయించాలన్న తిరుగుబాటుకు వెన్నుదన్నుగా నిలిచి, 226–134 ఓట్ల తేడాతో ఓడిపోయారు. వీళ్లు చేసింది నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. కానీ వాళ్ల పేరు, హోదా, ఎవరి తరఫున నిలబడ్డారన్న సంగతి అందరికీ తెలుసు.

ఆ తర్వాత జో స్మిత్ వ్యవహారం వచ్చింది. తక్కువ జీతానికి కొన్నేళ్లు ఆడితే తర్వాత భారీ ఒప్పందం ఇస్తామని మిన్నెసోటా జట్టు అతనికి రహస్యంగా రాసిచ్చింది. ఇద్దరు ఏజెంట్ల మధ్య నడిచిన దావాలో ఆ కాగితం బయటపడింది. 2000లో లీగ్ ఆ జట్టుకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, ఐదేళ్ల మొదటి రౌండ్ ఎంపికలను రద్దు చేసింది. వాటిలో కొన్నింటిని తర్వాత తిరిగి ఇచ్చినా, లీగ్ చరిత్రలో అంతటి శిక్ష అరుదు. దీన్ని నిక్స్ పోగొట్టుకున్న ఒక్క రెండో రౌండ్ ఎంపిక పక్కన పెట్టి చూడండి. రెండు తప్పులూ ఒకటి కావని ఒప్పుకుంటాను. అయినా ఈ రెండు శిక్షల నుంచి జట్లన్నీ నేర్చుకున్న పాఠం ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు: రాసిస్తే దొరికిపోతారు, నోటిమాటతో నడిపితే నెగ్గుకొస్తారు. నోటిమాట విలువ పెరిగిన చోట, ఆ మాటకు పూచీగా నిలబడే పెద్దమనిషి విలువ కూడా పెరుగుతుంది.

అలాంటి పెద్దమనుషుల్లో విలియం వెస్లీ అందరికంటే ఆసక్తి కలిగించే మనిషి. న్యూజెర్సీలో ఒక బూట్ల దుకాణంలో పనిచేస్తూ, అక్కడికి వచ్చే ఆటగాళ్లతో పరిచయాలు పెంచుకున్నారు. ఆ పరిచయాలే ఆయన ఆస్తి. 2004 నవంబరు 19న డెట్రాయిట్ శివార్లలోని ప్యాలెస్ మైదానంలో ఆటగాళ్లు, ప్రేక్షకులు కలబడ్డ రాత్రి, ఏ జట్టుకూ చెందని ఆయన కోర్టు మీద కనిపించారు. చాలా ఏళ్లపాటు ఆయన ఉద్యోగం ఏమిటన్నది అమెరికా క్రీడా విలేకరులకు పెద్ద ప్రశ్న. తర్వాత లియోన్ రోజ్ పనిచేసిన ఏజెన్సీ సీఏఏలో సలహాదారుగా చేరారు. లియోన్ రోజ్ 2020 మార్చిలో నిక్స్ అధ్యక్షుడు కాగా, అదే ఏడాది వెస్లీ కూడా ఆ జట్టులో కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడి హోదా అందుకున్నారు. ఆ వేసవిలోనే ఆ జట్టు కోచ్‌గా నియమించుకున్న టామ్ థిబొడో కూడా సీఏఏ క్లయింటే.

వెస్లీని దళారీ అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. పేద పేటల్లో పుట్టి పద్నాలుగేళ్లకే ప్రతిభ చూపిన కుర్రాడి ఇంటికి విశ్వవిద్యాలయం వెళ్లేది వాడు పదిహేడేళ్లవాడయ్యాక. ఎన్‌బీఏ వెళ్లేది ఇంకా ఆలస్యంగా. 2005లో లీగ్, ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందం, డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్లు నిండనివారికి ఆ తలుపు మూసేసింది. ఈ మధ్యకాలంలో బస్సు ఖర్చులు, బూట్లు, ఇంటద్దె, తప్పుదారి పట్టకుండా ఒక మందలింపు — ఇవన్నీ ఎవరో ఒకరు చూడాలి. పంట వేయకముందే పెట్టుబడి ఇచ్చి, పంట చేతికొచ్చాక తన దగ్గరికే తెచ్చేలా చూసుకునే కమీషన్ వ్యాపారి మన పల్లెలకు కొత్తవాడు కాదు. బ్యాంకు మొహం చూపించని ఊళ్లో అతను ఆదుకున్నదీ నిజమే, తూకం దగ్గర రైతు నోరు మెదపలేకపోవడమూ నిజమే. బాస్కెట్‌బాల్ మధ్యవర్తి విషయంలో కూడా ఈ రెండు నిజాలను ఒకేసారి గుర్తుంచుకోవాలి.

అసలు నాకు బాధ కలిగించేది శిక్షల తూకం. 2017 సెప్టెంబరు 26న న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కళాశాల బాస్కెట్‌బాల్ మీద పెద్ద కేసు ప్రకటించారు. అడిడాస్ ఉద్యోగి జిమ్ గాటో, ఆ కంపెనీతో పనిచేసిన మెర్ల్ కోడ్, ఏజెంటుగా ఎదగాలని తపించిన క్రిస్టియన్ డాకిన్స్, నలుగురు సహాయ కోచ్‌లు అరెస్టయ్యారు. ఒక యువ ఆటగాడు లూయివిల్ విశ్వవిద్యాలయంలో చేరేందుకు అతని తండ్రికి లక్ష డాలర్లు ఇస్తామన్న మాట ఆ కేసులో కీలకం. ఆ డబ్బువల్ల మోసపోయింది విశ్వవిద్యాలయాలేనని ప్రభుత్వం వాదించింది. కోట్లు ఆర్జించే సంస్థ బాధితురాలు, దానికి మేలు చేసేలా ఆటగాడిని తెచ్చినవాడు మోసగాడు అన్న ఆ వాదన నాకు అప్పుడూ మింగుడుపడలేదు, ఇప్పుడూ పడడం లేదు. 2018 అక్టోబరులో ముగ్గురినీ దోషులుగా తేల్చారు. గాటోకు 9 నెలలు, కోడ్, డాకిన్స్‌లకు చెరో 6 నెలలు జైలు పడింది. లూయివిల్ తన ప్రధాన కోచ్ రిక్ పిటినోను తొలగించిన మాట వాస్తవమే గానీ, మొత్తం వ్యవహారంలో ఒక్క ప్రధాన కోచ్ మీద కూడా నేరారోపణ నమోదు కాలేదు. అరెస్టయిన నలుగురు సహాయ కోచ్‌లూ నల్లజాతివారే.

ఆటగాడిని రప్పించడానికి తండ్రికి మేలు చేయడం కొత్తగా పుట్టిన పాపం కాదు. 1983లో కాన్సస్ విశ్వవిద్యాలయం ఎడ్ మానింగ్‌ను సహాయ కోచ్‌గా తీసుకుంది, ఆయన కుమారుడు డానీ అక్కడే చేరాడు. 2000లో మెంఫిస్ విశ్వవిద్యాలయం మిల్ట్ వాగ్నర్‌ను సిబ్బందిలోకి తీసుకుంది, కుమారుడు డాహ్వాన్ అక్కడే ఆడాడు. రిక్ బ్రన్సన్ ఉదంతం ముందే చెప్పుకున్నాం. వీటన్నిటిలో తండ్రి చేతికి అందింది నియామక పత్రం, నెల జీతం. అవి నిబంధనల ప్రకారం సమ్మతం. లూయివిల్ కేసులో తండ్రికి ఇస్తామన్నది నగదు. దానికి జైలు పడింది. ఆ నియామకాలు పొందినవారు అనర్హులని నేననడం లేదు. ముగ్గురూ వృత్తి బాస్కెట్‌బాల్ ఆడినవారే. కానీ ఉద్యోగం ఇచ్చే స్థోమత సంస్థకే ఉంటుంది, పేటలోని మధ్యవర్తికి ఉండదు.

తలుపు దగ్గర కాపలా పెట్టే ప్రయత్నంలోనూ ఇదే ధోరణి. క్లీవ్‌లాండ్ కుర్రాడు రిచ్ పాల్ పాతకాలపు జట్ల జెర్సీలు కారు డిక్కీలో పెట్టుకుని అమ్మేవాడు. 2002లో విమానాశ్రయంలో లెబ్రాన్ జేమ్స్‌తో కలిగిన పరిచయం అతని జీవితాన్ని మార్చింది. లియోన్ రోజ్ దగ్గర పని నేర్చుకుని, 2012లో క్లచ్ స్పోర్ట్స్ సంస్థను స్థాపించాడు. 2019 జనవరిలో అతని క్లయింటు ఆంథనీ డేవిస్ తనను న్యూ ఓర్లీన్స్ నుంచి పంపించమని బహిరంగంగా కోరినప్పుడు లీగ్ 50 వేల డాలర్ల జరిమానా వేసింది. ఆ వేసవికల్లా డేవిస్ లాస్ ఏంజెలిస్ లేకర్స్‌లో ఉన్నాడు. అదే ఏడాది ఆగస్టులో, డ్రాఫ్ట్ అవకాశాలను పరీక్షించుకునే కళాశాల ఆటగాళ్లకు సలహాలిచ్చే ఏజెంటుకు డిగ్రీ ఉండాలని కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఆదేశించింది. డిగ్రీ లేని రిచ్ పాల్‌ను దృష్టిలో పెట్టుకునే ఆ నిబంధన తెచ్చారని విమర్శలు చెలరేగడంతో, ఆటగాళ్ల సంఘం గుర్తింపు ఉన్నవారికి కొద్ది రోజుల్లోనే సడలింపు ఇచ్చింది. తెరవెనుక నుంచి బయటికొచ్చి, సంఘం దగ్గర పేరు నమోదు చేసుకుని, నిర్ణీత కమీషన్‌కు కట్టుబడి పనిచేస్తున్న మనిషిని ఆపడానికి చూపిన ఆ తొందర, మూసిన గదుల్లో నడిచే మంతనాల మీద ఎన్నడూ కనబడలేదు.

గడువుకు ముందు మంతనాలకు మునుపటికంటే భారీ జరిమానా వేసే అధికారాన్ని ఎన్‌బీఏ యజమానులు 2019 సెప్టెంబరులో తమ లీగ్‌కు తామే ఇచ్చుకున్నారు. బ్రన్సన్ విషయంలో దాన్ని వాడలేదు. ఆటగాడి ఏజెంటుకూ జట్టు యాజమాన్యానికీ రక్తసంబంధం గానీ పాత వ్యాపార సంబంధం గానీ ఉంటే ఒప్పందం నాడే బహిరంగంగా ప్రకటించాలి. ఆటగాడి బంధువుకు జట్టు ఇచ్చే ప్రతి ఉద్యోగాన్నీ నమోదు చేయాలి. విచారణ ముగిశాక నివేదికను పూర్తిగా విడుదల చేయాలి. ఇవి కోరడం అత్యాశ కాదు. లేకర్స్‌లో రాబ్ పెలింకా, గోల్డెన్ స్టేట్‌లో బాబ్ మయర్స్ వంటి మాజీ ఏజెంట్లు జట్లను విజయవంతంగా నడిపి చూపించారు. వారి అనుభవాన్ని ఆటకు దూరం చేయనక్కర్లేదు. వారి సంబంధాలు మాత్రం కాగితం మీద ఉండాలి.

తనకు తెలిసినదాన్ని కాగితం మీదికి తెచ్చిన తెరవెనుక మనిషి ఒకరున్నారు. 1984లో జోర్డాన్ మీద పందెం కాయమని నైకీని ఒప్పించినవారిలో ఒకరైన సోనీ వకారో, బడిపిల్లల శిబిరాలు నడిపి, వారిని బూట్ల కంపెనీలకు పరిచయం చేసి, తర్వాత అడిడాస్ తరఫున కోబీ బ్రయంట్‌ను సంతకం చేయించారు. ఆ వ్యాపారం వదిలేశాక, కళాశాల ఆటగాళ్ల పేరు, రూపం అమ్ముకుంటూ వారికి పైసా ఇవ్వని పద్ధతి మీద దావా వేయమని మాజీ ఆటగాడు ఎడ్ ఒబానన్‌ను 2009లో ప్రోత్సహించింది ఆయనే. 2014లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఒబానన్ వైపు తీర్పు చెప్పారు. ఒక్కో కళాశాల తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా, ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల వరకు చెల్లించవచ్చన్న ఒప్పందానికి 2025 జూన్‌లో ఆమోదముద్ర వేసింది కూడా విల్కెనే. అప్పటికి డాకిన్స్, కోడ్‌లకు శిక్ష పడి ఏడేళ్లయినా నిండలేదు.