చూడకపోతే శిక్ష, చూస్తే ఏముంది?

కన్నవాళ్లను పట్టించుకోని ఉద్యోగుల జీతాల్లో కోత పెడతామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2025లో అన్నారు. 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం ప్రకారం పెద్దవాళ్లను వదిలేస్తే 3 నెలల వరకు జైలు. మన చట్టాల చూపంతా చూడనివాళ్ల మీదే. చూస్తూ చూస్తూ తామే మంచం పట్టేవాళ్లు వాటికి కనబడరు.

దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా చెదిరిపోయే జబ్బు, ఉందని లాసీ అనే దేశవ్యాప్త వృద్ధుల సర్వే ఆధారంగా వేసిన అంచనా. ఆ ప్రతి మనిషి వెనకా నిద్ర లేని ఇంకో మనిషి ఉంటారు. పొద్దు గూకగానే సొంతింట్లో కూర్చునే "ఇంటికి పోదాం పద" అంటారు మామగారు. అర్ధరాత్రి గేటు తీసుకుని వెళ్లిపోతారు. అత్తగారు గాజులు తనే ఎక్కడో దాచి, కోడలు కాజేసిందంటారు. చుట్టాలొస్తే మాత్రం ఆ గంటసేపూ చక్కగా మాట్లాడతారు. "బాగానే ఉన్నారుగా, నువ్వే కంగారు పడుతున్నావ్" అని కాఫీ తాగి వాళ్లు లేచి వెళ్తారు. రోగం కన్నా ఈ మాటే ఎక్కువ కుంగదీస్తుంది.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు కదా అంటారు. మంచిదే. ఆ అరగంట ఆయన్ను ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?

పింఛన్ల సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే నెలకు 15,000. మతి తప్పి వీధులు పట్టి తిరిగే వృద్ధుడికి మామూలు వృద్ధాప్య పింఛను 4,000. కాళ్లు ఆడటమే ఆయన చేసిన పాపం! నిజానికి కాళ్లాడే రోగినే క్షణం ఏమరకుండా కాయాలి. 2016 వికలాంగుల చట్టం 21 వైకల్యాలను లెక్కపెట్టింది. అందులో డిమెన్షియా పేరే లేదు.

చూసుకునేవాళ్లకూ భత్యం ఇవ్వాలంటే, అమ్మానాన్నల సేవకు డబ్బు ముట్టజెబితే అది కూలి అయిపోతుందనేవాళ్లున్నారు. వాళ్ల మాటను కొట్టిపారేయను. కానీ ఈ మాట అనేది ఎక్కువగా మగవాళ్లు, చేసేది ఆడవాళ్లు. డిమెన్షియా రోగులకు అందే సంరక్షణ గంటల్లో 70 శాతం ఆడవాళ్లవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అసలు విషయం ఇదే. కోడలి చాకిరీని మనం పని అనుకోం, పద్ధతి అనుకుంటాం. 2007 చట్టంలో 'సంతానం' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలిని, అల్లుడిని కలుపుతూ 2019లో సవరణ బిల్లు పెట్టారు. ఎందుకు? సెలవివ్వడానికా, భత్యమివ్వడానికా? బాధ్యత మెడకు చుట్టడానికి. కేంద్ర ఉద్యోగినికి పిల్లల కోసం 730 రోజుల ప్రత్యేక సెలవుంది. ఆలనాపాలనా లేకుండా పూట గడవని అత్తగారి కోసం అలాంటిది ఒక్క రోజూ లేదు.

మండలానికో పగటి సంరక్షణ కేంద్రం పెట్టండి. పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకుంటారు. ఆ మధ్యలో కోడలు ఏం చేస్తుందని అడగొద్దు. బహుశా పడుకుంటుంది.