నీళ్ల పేరు చెప్పి ప్లాస్టిక్ పరుస్తారా?

అనంతపురంలో రోడ్ల డివైడర్ల మీద, ఆఫీసుల ముంగిళ్లలో, స్కూళ్ల ఆవరణల్లో కృత్రిమ గడ్డి పరుచుకుంటూ పోతోంది. ఇంటి మిద్దె మీద ఎవరి డబ్బుతో వాళ్లు వేసుకుంటే అది వాళ్లిష్టం. ప్రజల సొమ్ముతో ప్లాస్టిక్ పరిచి, ఎందుకని అడిగితే ‘నీళ్లు ఆదా చేస్తున్నాం’ అనడమే మాకు మింగుడుపడటం లేదు. కరువు సీమలో నీళ్ల పేరు ఎత్తితే ఎదురు ప్రశ్న వేసేవాళ్లుండరన్న ధీమా ఇది.

లాన్‌కు నీళ్లు విపరీతంగా కావాలన్నది నిజమే. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లు అనుకున్నా ఎకరానికి 20 వేల లీటర్లు. ఆ తడి కృత్రిమ గడ్డికి అక్కర్లేదు. పొద్దస్తమానం పిల్లలు ఆడే మైదానాల్లో దానికి కొంత ఉపయోగం ఉంటే ఉండొచ్చు.

కానీ ఈ లెక్క ఎక్కడ మొదలవుతోంది? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే చోట, తుంగభద్ర ఎగువ కాలువ మీద, శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా మోటార్లు ఎత్తిపోసే నీళ్ల మీద ఆధారపడిన జిల్లాలో అసలు లాన్ వేయమన్నదెవరు? వేయకూడనిది వేశారు. దాన్ని పీకి ప్లాస్టిక్ పరిచి, తేడాను ఆదా కింద చూపిస్తున్నారు. పోల్చాల్సింది లాన్‌తో కాదు, గరికతో. గరిక ఎండాకాలం మాడినట్టే కనిపిస్తుంది, రెండు వానలు పడితే మళ్లీ పచ్చగా లేస్తుంది. కానుగకు, వేపకు మొదటి రెండు మూడేళ్లు కాస్త నీళ్లు పోస్తే చాలు, తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. పైగా నీడనిస్తాయి.

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ ప్లాస్టిక్ గడ్డి మీద అరచెయ్యి పెట్టి చూడండి, నిలవదు. మండే ఎండలో దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటడం మామూలే. చల్లబరచాలంటే నీళ్లు చల్లాలి. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు అదీ కొలిచారు. నీళ్లు చల్లిన 20 నిమిషాలకే వేడి మళ్లీ 70 డిగ్రీలు దాటింది. ఇక మన దుమ్ము సంగతి చెప్పేదేముంది. పోచలు పడుకుని అతుక్కుపోతాయి, అంచులు లేస్తాయి, సందుల్లో ఎర్రమట్టి పేరుకుంటుంది. కడగడానికి మళ్లీ ట్యాంకరే రావాలి. నీళ్ల ఆదా కోసం వేసినదాన్ని నీళ్లతోనే కడగాలి, నీళ్లతోనే చల్లార్చాలి!

వాన మాటేమిటి? ఇక్కడ 100 చదరపు మీటర్ల నేల మీద ఏడాదిలో పడే వాన సుమారు 55 వేల లీటర్లు. మట్టి నేలయితే అందులో కొంతైనా ఇంకుతుంది. గడ్డి చాపకు రంధ్రాలున్నా దాని కింద సిమెంటో, గట్టిగా దిమ్మిస కొట్టిన కంకరో ఉంటే ఆ నీళ్లు డ్రైనేజీ పాలే. నీళ్ల పేరు చెప్పి నీళ్లు ఇంకే దారి మూసేయడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాదా? నీరు, భూమి, చెట్టు విడివిడిగా ఉండవనే కదా 2002లో వాల్టా చట్టం చేసుకున్నది.

ఒకసారి వాడి పారేసే కొన్ని రకాల ప్లాస్టిక్ వస్తువులపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. పల్చటి కవర్లో టమాటాలు పోసిచ్చే అమ్మకు జరిమానా వేసే యంత్రాంగమే పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ పోచలను చదరపు మీటర్ల లెక్కన కొంటోంది. ఎండకు పెళుసెక్కి ఆ పోచలు విరిగి మట్టిలో, కాలువల్లో కలుస్తాయి. పదేళ్లు తిరిగేసరికి మిగిలింది చుట్టి డంపింగ్ యార్డుకు పంపాల్సిందే. కవరు తప్పయినప్పుడు ఇది ఒప్పెలా అయింది? నీళ్ల పేరు చెప్పినందుకేనా?

నీళ్ల పేరు చెప్పి దారి తప్పినవాళ్లు ఇదివరకే ఉన్నారు. 2015 కరువులో కాలిఫోర్నియా, కృత్రిమ గడ్డిని స్థానిక సంస్థలు నిషేధించకుండా చట్టం చేసింది. 2023లో వెనక్కి తగ్గి, వద్దనుకుంటే నిషేధించుకునే అధికారాన్ని వాటికి తిరిగిచ్చింది. ఎడారిలో ఉన్న లాస్ వేగాస్‌లో అలంకార లాన్లు తీసేసి తక్కువ నీటి మొక్కలు, చెట్లు పెంచేవారికి నగదు ఇస్తున్నారు. మన దగ్గర డబ్బు చెట్టుకు కాదు, ప్లాస్టిక్ చాపకు పోతోంది. ఇవాళ ఒక ఆఫీసు ముంగిట బిల్లు పాసైతే రేపు ప్రతి స్కూలూ, ప్రతి పార్కూ అదే ఫైలు చూపిస్తుంది.

నీళ్ల మీద అంత శ్రద్ధ ఉంటే ముందు లీకయ్యే పైపులు, వాల్వులు బాగుచేయించండి. ఆఫీసు మిద్దెల మీద పడే వానను ఇంకుడు గుంతల్లోకి మళ్లించండి. ఏ ఆఫీసు నెలకు ఎన్ని నీళ్లు వాడిందో మీటరు చూసి గేటు దగ్గర బోర్డు మీద రాయండి. అంతవరకు ఈ గడ్డి బిల్లులన్నీ ఆపాలి. ఇవేవీ చేయకుండా, కొళాయి వంతు కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల ముందు మాత్రం ‘ఆదా’ అనే మాట ఎత్తకండి.