సత్రం అన్నది మా అత్తయ్య

వేసవిలో ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రుల కోసం ఇక్కడి మన తెలుగు సంఘం వేసే లండన్ యాత్ర జాబితాలో ఈసారి ఒక పేరు చేర్చమని అడిగాను. బరో హై స్ట్రీట్‌లోని జార్జ్ ఇన్ అనే పాత పబ్. లండన్ టవర్ కోట చూశాక, బరో మార్కెట్‌కు వెళ్లేముందు, అక్కడ మధ్యాహ్న భోజనం. ‘‘పెద్దవాళ్లను బారుకు తీసుకెళ్దామంటారా అమ్మా?’’ అన్నారు కార్యవర్గ సభ్యులొకరు. గదంతా నవ్వింది. పేరు కొట్టేశారు.

నవ్వినందుకు కాదు నా బాధ. అంతకు రెండు వారాల ముందు, ఉగాది రాత్రి, లోపల పంచాంగ శ్రవణం నడుస్తుండగా హాలు వెనక కార్ల దగ్గర ఏం జరిగిందో ఆ నవ్విన వాళ్లందరికీ తెలుసు. డిక్కీలు తెరిచి ఉన్నాయి. ఉగాది పచ్చడి పంచిన కాగితపు గ్లాసులే అక్కడా తిరిగాయి. కృష్ణుడి వేషం వేసిన పిల్లవాడు నాన్నను వెతుక్కుంటూ వెళ్లి, చేతులు వెనక్కి దాచుకున్న ఆరుగురు బాబాయిలను చూసి తిరిగొచ్చాడు.

కిందటేడు మా అత్తయ్యను ఆ జార్జ్ ఇన్‌కే తీసుకెళ్లాను. ఆవిడది నెల్లూరు జిల్లా. 1992లో సారా దుకాణాల ముందు బైఠాయించిన ఆడవాళ్లలో ఆవిడా ఒకరు. ఇలాంటి మనిషిని పబ్‌కు పిలవడానికి కొంత తెగింపు కావాలి. నిజం చెప్పాలంటే పబ్ అని చెప్పలేదు, పాత భవనం అన్నాను. సందులోంచి లోపలికి తిరగగానే వాసన తగిలి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తలెత్తి చూశాక కొంగు దించారు. రెండంతస్తుల చెక్క వసారాలు, కాస్త ముందుకు వాలిన కమ్మీలు, కింద రాతి ముంగిలి. ‘‘ఇది సత్రం కదే అమ్మాయ్!’’ అన్నారు.

సత్రమే. పూర్వం నగరంలోకి దక్షిణం నుంచి రావాలంటే లండన్ వంతెన ఒక్కటే దారి. బండ్లన్నీ ఈ వీధిలోనే ఆగేవి, గుర్రాలు ఈ ముంగిలిలోనే మేత తినేవి. 1676లో ఈ పేట తగలబడితే మరుసటి ఏడు దీన్ని తిరిగి కట్టారు. ఇప్పుడు ఒక వైపే మిగిలింది. ‘‘మిగతా వైపులు ఏమయ్యాయి?’’ అని అడిగారు అత్తయ్య. 1889లో రైల్వే కంపెనీ గోదాముల కోసం పడగొట్టిందంటే ఆ కంపెనీని నాలుగు తిట్లు తిట్టారు. లండన్‌లో ఇలాంటి వసారాల సత్రం ఇదొక్కటే మిగిలింది, 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది.

బయటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఇక్కడ ఎవరూ బల్ల దగ్గరికి వచ్చి అడగరు, మనమే కౌంటరుకు వెళ్లి చెప్పాలి. టీ, వేడి చిప్స్ తెచ్చాను. పక్క బల్ల మీద ఒక ముసలాయన సగం పైంటు బీరు ముందు పెట్టుకుని పత్రికలో గళ్లు నింపుతున్నాడు. కాళ్ల దగ్గర కుక్క. అత్తయ్య ఆయన్నే గమనిస్తున్నారు. చాలాసేపటికి, ‘‘గంటయింది, ఆ గ్లాసు ఇంకా అక్కడే ఉంది. మనవాళ్లు ఇలా తాగి ఉంటే నేను రోడ్డెక్కేదాన్నా?’’ అన్నారు.

ఈ దేశంలో తాగి తూలేవాళ్లు లేరనడం లేదు. శుక్రవారం సాయంత్రం ఆ ముంగిలిలో నిలబడే చోటు ఉండదు, ఆ గోలలోకి ఎవరి అమ్మనూ రమ్మనను. తాగుడు వల్ల కాపురాలు కూలిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లు వద్దంటే ఆ మాటకు తలవంచుతాను. కానీ ఆ రోజు వద్దన్నది వాళ్లు కాదు. మన ఊళ్లలో పర్మిట్ రూముల గోడల వెనక నేర్చుకున్న దాపరికాన్ని ఇక్కడికి మోసుకొచ్చి, దానికి సంస్కృతి అని పేరు పెట్టుకున్నాం. పట్టపగలు, కోడలి పక్కన అత్తగారు కూర్చుని టీ తాగిన చోటు మాత్రం మనకు బారు!

వచ్చే సమావేశంలో ఆ పేరు మళ్లీ పెడతాను. వారం మధ్యలో, మధ్యాహ్నం పన్నెండుకు, బయటి బల్లల దగ్గర ఒక్క గంట. ఇష్టం లేనివాళ్లు ఆ గంట మార్కెట్‌లో తిరగవచ్చు. దయచేసి ఈసారి నవ్వకండి. ముందు మీ ఇంటికి వచ్చిన అమ్మనో అత్తయ్యనో అడిగి రండి.