టమాటా టైమర్ గారికి, గవర్నర్‌పేట నుంచి

అయ్యా టమాటా గారూ,

జీతాలు పెంచమని అడిగిన వారంలోనే మా ఆఫీసు వాళ్ళు మిమ్మల్ని తలా ఒకటి పంచిపెట్టారు, స్ట్రెస్ తగ్గుతుందని చెప్పి. అప్పట్నుంచి మీరు నా టేబుల్ మీద బిల్లుల కట్టల మధ్య ఎర్రగా కూర్చుని టిక్కు టిక్కుమంటూనే ఉన్నారు.

మీ వంశం గొప్పదే, కాదనను. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే కాలేజీ కుర్రాడు చదువు మీద మనసు నిలవక వంటింటి టమాటా టైమర్ తిప్పి ముందు పెట్టుకున్నాడట. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, అలా నాలుగుసార్లు అయ్యాక కాస్త పెద్ద విరామం. చదువుకునేవాడికి బాగానే పనికొస్తుంది. కానీ ఆ కుర్రాడికి క్లయింట్లు లేరు కదండీ! మాది ఆడిటర్ ఆఫీసు. నెలనెలా 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ పన్ను రిటర్నులు వెయ్యాలి, ఆటోనగర్ నుంచి బిల్లుల సంచీ మాత్రం పదో తారీఖు సాయంత్రం దిగుతుంది, అందులో సగం అక్షరాలు ఎగిరిపోయిన థర్మల్ కాగితాలే.

ఇక మీ 5 నిమిషాలు. లిఫ్ట్ వచ్చేసరికే రెండు అయిపోతాయి. కింద బండి దగ్గర "ఆగు బాబూ, పాలు పొంగాలి" అంటాడు, పొంగేలోపు పైన మీరు మోగేస్తారు. టీ తాగడానికి కూడా టార్గెట్ పెట్టిన ఘనత మీదే.

అయినా నా అసలు కోపం అది కాదు. మొన్న ఒక క్లయింటు లెక్కల పుస్తకానికీ బ్యాంకు స్టేట్‌మెంటుకీ 450 రూపాయల తేడా వచ్చింది. 450ని తొమ్మిదితో భాగిస్తే శేషం రాదు, అంటే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చని మా సీనియర్లు నేర్పిన కిటుకు. వెతుక్కుంటూ పోతున్నాను, ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నా పట్టడం లేదు, ఆకలి తెలియడం లేదు, ఇదిగో 5,940ని 5,490 అని కొట్టారు, దొరికింది అనబోతుంటే, ట్రింగ్! లేచి ఒళ్ళు విరుచుకోవాలట. ఈ ఉద్యోగంలో నాకున్న సరదా ఆ ఒక్క క్షణమేనండీ, దాన్నీ కోసేశారు.

బర్నౌట్ రాకుండా కాపాడతానంటారు. సంతోషం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంబాళించకపోతే వచ్చే పరిస్థితి అంది. ఓపిక అయిపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగ్గా చేయలేకపోతున్నామన్న భావం, ఇవీ లక్షణాలు. (మూడోదాన్ని మా ఆఫీసు ఏటా అప్రైజల్‌లో రాతపూర్వకంగా ఇస్తుంది.) చూశారా, పనిచేసే చోట అన్నారు. మందేమో నా టేబుల్ మీద పెట్టారు. ఒక మనిషిని కొత్తగా తీసుకుంటే సగం తగ్గే ఒత్తిడికి ప్లాస్టిక్ టమాటా!

మీ మీద పగేం లేదు లెండి, నచ్చని పని మొదలుపెట్టడానికి, ముఖ్యంగా పాత ఫైళ్ళు సర్దడానికి, మిమ్మల్ని తిప్పుకుంటాను. లెక్క మధ్యలో ఉన్నప్పుడు మాత్రం డ్రాయర్‌లో ఉండండి. మీ వాళ్ళలో ఎవరైనా, రాత్రి పదింటికి ఫోన్ చేసి "ఒక్క నిమిషం పనుంది" అనేవాళ్ళ చెవి దగ్గర మోగే మోడల్ ఉంటే కబురు చెయ్యండి, ఆఫీసంతా చందా వేసుకుని కొంటాం.

ఇట్లు,
మూడో అంతస్తు, కిటికీ పక్క సీటు