దుమ్ముగారూ, తమరు లోపలికి ఎప్పుడు వేంచేశారు?

పనిలో దెబ్బతిన్న కార్మికులు నింపే నష్టపరిహారం ఫారంలో ఒక గడి ఉంటుంది చూడండి, "ప్రమాదం జరిగిన తేదీ, సమయం" అని. ఆ గడి కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ శాలువా కప్పాల్సిందే. మిషన్లో వేలు తెగినోళ్లైతే సరే, తేదీ చెప్తారు. ఏళ్ల తరబడి రాళ్లు కోసి, ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ అనే జబ్బు తెచ్చుకున్నాయన ఏం రాయాలండీ అందులో?

కాబట్టి ఇకమీద కార్మికులు కాస్త బాధ్యతగా ఉండాలి. ప్రతి దుమ్ము కణాన్నీ ముక్కు దగ్గరే ఆపి, పేరు రాయించుకుని, సంతకం తీసుకుని, అప్పుడే ఊపిరితిత్తుల్లోకి వదలాలి. "ఏమండీ దుమ్ముగారూ, తమరు ఈ కంపెనీ రాయిలోంచే వచ్చారా, లేక దారినపోతూ ఊరికే పలకరిద్దామని దూరారా? ఐడీ కార్డుందా? ఇద్దరు సాక్షులు కావాలి, పక్క కణాలు కుదరదు, అవి చుట్టాలు." తర్వాత ఎంక్వైరీలో కంపెనీ లాయరు లేచి, ఆ రోజు నువ్వు డ్యూటీలోనే ఉన్నావని రుజువేంటి అని కణాన్ని క్రాస్ చేస్తాడు, కణం నోరు విప్పదు, కేసు కొట్టేస్తారు, అందరూ టీకి లేస్తారు.

ఇంటి రేకుల్లో వాడే ఆస్బెస్టాస్ దుమ్ము ఇంకా పెద్దమనిషి. లోపలికెళ్లి 20, 30, 40 ఏళ్లు కిక్కురుమనకుండా కూర్చుని అప్పుడు మెసోథీలియోమా అనే క్యాన్సరై బయటపడుతుంది. ఈలోపు కంపెనీ చేతులు మారి బోర్డు కూడా మారిపోయుంటుంది, ఆఫీసులో మాత్రం "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు" అంటారు. మరే, తప్పే.

ఇదేదో నిన్నమొన్నటి సమస్య, స్టడీ చేయాలి అనే పెద్దలకి ఒక మాట. రోగిని నువ్వు ఏం పని చేస్తావని అడగండయ్యా అని ఇటలీ డాక్టరు రామజ్జిని 1700లోనే మొత్తుకున్నాడు. తప్పెవరిదని తవ్వకుండా, యజమానుల సొమ్ముతో నడిచే బీమాలోంచి గాయపడ్డవాళ్లకి ఇవ్వాలని జర్మనీ 1884లో చట్టం చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1925లో వృత్తి రోగాల లిస్టు పెట్టింది, సీసం విషం, పాదరసం విషం, ఆంత్రాక్స్ అని మూడే, 1934లో సిలికోసిస్ కూడా ఎక్కింది. లిస్టు ఎందుకు పెట్టారు? ఆ పని చేసినోళ్లకి ఆ జబ్బొస్తే పని వల్లే వచ్చిందని ఒప్పుకోడానికి. లిస్టుంది, జబ్బుంది, ఎక్స్‌రే ఉంది. అయినా ఈ ఆఫీసువాళ్ల మొదటి ప్రశ్న, "సిగరెట్ తాగుతావా?"

సిగ్గుండాలి. నాలుగు మెట్లెక్కలేక రెండో మెట్టు మీదే కూలబడే మనిషి, పడుకుంటే ఆయాసమని రాత్రంతా గోడకానుకుని కూర్చునే మనిషి, అదీ టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగించాక, రుజువులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలా? హాజరు పుస్తకం ఎవడి దగ్గరుంది? దుమ్ము ఎంత లేస్తోందో కొలిచిన కాగితం, కొలిస్తే గిలిస్తే, ఎవడి దగ్గరుంది? తడిపి కోస్తే దుమ్ము తగ్గుతుందని తెలిసీ, పని లేటవుతుందని పొడిగానే కోయించిందెవడు? నయం చేసే మందే లేని జబ్బది. జబ్బూ ఆయనదే, రుజువూ ఆయనదేనా? మా పని వల్ల రాలేదని కంపెనీనే రుజువు చేసుకోమనండి. రిజిస్టర్లన్నీ పట్టుకుని రమ్మనండి, ఒరిజినల్స్, జిరాక్సులు చెల్లవు.