భూతద్దం బొమ్మ చూపించి సీట్లు అమ్ముతారా?

అడ్మిషన్ల సీజన్ మొదలైంది. ఫోరెన్సిక్ సైన్స్ కోర్సుల ప్రకటనలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. భూతద్దం, పసుపు టేపు, మెలితిరిగిన డీఎన్‌ఏ బొమ్మ, నేరస్థుణ్ని పట్టేది మీరేనన్న ఊరింపు. క్రైమ్ సీరియళ్లు పెంచిన మోజును కాలేజీలు ఫీజుగా మార్చుకుంటున్నాయి. సిలబస్ ఏమిటి, ల్యాబ్‌లో ఏ యంత్రాలున్నాయి అని వెతికితే చాలా ప్రకటనల్లో చిన్న అక్షరాల్లోనైనా దొరకదు.

డీఎన్‌ఏ విశ్లేషకుల్లో చాలామంది ఘటనా స్థలం గడప తొక్కరు. వాళ్ల పనంతా ల్యాబ్ బల్ల దగ్గరే. మరక నుంచి డీఎన్‌ఏ తీయాలి, ఎంత ఉందో కొలవాలి, పీసీఆర్ అనే పద్ధతితో దాని ప్రతులు పెంచాలి, తెరమీద శిఖరాల్లా లేచే గ్రాఫు చదవాలి. ముగ్గురి డీఎన్‌ఏ కలిసిపోయిన మరక అయితే ఏ శిఖరం ఎవరిదో విడదీయడానికి చెమటలు పడతాయి. అదీ అయ్యాక, అనుమానితుడి డీఎన్‌ఏతో ‘సరిపోయింది’ అంటే చాలదు. సంబంధం లేని మనిషికీ అలా సరిపోయే అవకాశం ఎంతో లెక్కకట్టి చెప్పాలి. అందుకే అమెరికాలో కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రమాణాలు విశ్లేషకుల నుంచి బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీతో పాటు స్టాటిస్టిక్స్ చదువూ కోరతాయి. డిగ్రీ పేరులో ‘ఫోరెన్సిక్’ ఉండి తీరాలని మాత్రం అనవు. ప్రకటనల్లో దాచేది సరిగ్గా ఈ మాటే.

ఈ చదువు అరకొరగా సాగితే నష్టం మార్కుల మెమోతో పోదు, బోనులో నిలబడ్డ మనిషి మీద పడుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌లో పోలీసుల డీఎన్‌ఏ విభాగాన్ని 2002లో మూసేయాల్సి వచ్చింది. సిబ్బందికి సరైన శిక్షణ లేదని తనిఖీలో బయటపడింది. అక్కడి తప్పుడు విశ్లేషణ ఆధారంగా, 16 ఏళ్ల వయసులో అరెస్టయిన ఒక కుర్రాడికి 25 ఏళ్ల శిక్ష పడింది. మళ్లీ పరీక్షిస్తే ఆ డీఎన్‌ఏ అతనిది కాదని తేలింది. అప్పటికే నాలుగేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. గ్రాఫు చదవడం, లెక్క చెప్పడం రాని చేతుల్లో అత్యాధునిక యంత్రం ఉంటే జరిగేది ఇదే.

జర్మనీ కథ ఇంకా విచిత్రం. సుమారు 40 నేరస్థలాల్లో ఒకే మహిళ డీఎన్‌ఏ దొరికిందని పోలీసులు ఏళ్ల తరబడి వెతికారు. చివరికి 2009లో తెలిసింది, ఆ డీఎన్‌ఏ, నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసిన ఒక కార్మికురాలిది! యంత్రం అబద్ధం చెప్పలేదు. ఈ ఫలితం అసలు ఎక్కణ్నుంచి వచ్చిందని అనుమానించడం నేర్పేదే ఈ చదువు. ఆ అనుమానాన్ని పవర్‌పాయింట్ స్లైడ్లతో నేర్పలేరు.

ల్యాబ్ ఖరీదైనదని, మిగతాది ఉద్యోగంలో నేర్చుకుంటారని కాలేజీల వాదన. ఖర్చు నిజమే. ల్యాబులు కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తాయన్నదీ నిజమే. కానీ ఆ శిక్షణ పునాది ఉన్నవాళ్ల కోసం. పునాది వేస్తామనే కదా ఫీజు తీసుకున్నది? ల్యాబ్ పెట్టలేనివాళ్లు కోర్సు ఎందుకు పెట్టారు?

విద్యార్థులూ, తల్లిదండ్రులూ కోర్సు పేరు చూసి కాదు, టైమ్‌టేబుల్ చూసి చేరాలి. పీసీఆర్ యంత్రం మీద ఒక్కో విద్యార్థి తన చేత్తో ఎన్ని గంటలు పనిచేస్తాడు? స్టాటిస్టిక్స్ తప్పనిసరా, ఐచ్ఛికమా? పాఠం చెప్పేవాళ్లలో నిజమైన కేసుల నమూనాలు పరీక్షించినవాళ్లు ఎందరు? పోయిన బ్యాచ్ ఏ ల్యాబుల్లో చేరింది? జవాబులు నసిగితే, బయాలజీలోనో కెమిస్ట్రీలోనో గట్టి డిగ్రీ చేసి, ఫోరెన్సిక్‌ను పీజీలో తీసుకోవడమే మేలు.

కాలేజీలకు ఒకటే మాట. న్యాయానికి సేవ అంటూ ప్రకటనల్లో ఊదరగొట్టి, ఆ న్యాయస్థానానికే సగం చదువుతో సాక్షులను పంపడం కపటం. మీ ల్యాబ్‌లో ఉన్న యంత్రాల జాబితా, ప్రాక్టికల్ గంటలు, బోధకుల కేసుల అనుభవం ప్రాస్పెక్టస్ మొదటి పేజీలో అచ్చేయండి. భూతద్దం బొమ్మకు చోటు మిగిలితే అప్పుడు వేసుకోండి.